19 అడుగులా, 22 అడుగులా? కుటుంబానికి బోటు ఎంచుకునే ముందు చూడాల్సినవి

ఒకే కంపెనీ, ఒకే డిజైను, దాదాపు ఒకే సీట్ల అమరిక. ఒకటి 19 అడుగులు, ఇంకోటి 22. బ్రోచర్లో పక్కపక్కన చూస్తే పెద్ద తేడా కనిపించదు. వెనక సీటు కాస్త వెడల్పు, ముందు భాగంలో కాళ్ళు చాపుకోవడానికి ఇంకాస్త చోటు, అంతే. అందుకే చాలామంది "మూడడుగులే కదా, పెద్దదే తీసుకుందాం" అనో, "మూడడుగుల కోసం అంత డబ్బెందుకు" అనో తేల్చేస్తారు. ఇద్దరూ పొడవు గురించే మాట్లాడుతున్నారు. చూడాల్సింది బరువు. పొడవు పెరిగితే వెడల్పూ, లోతూ కూడా పెరుగుతాయి. మూడూ కలిసి పెరిగేసరికి 16 శాతం ఎక్కువ పొడవున్న బోటు 40, 45 శాతం ఎక్కువ బరువు తూగుతుంది. నీళ్ళలో పెద్ద బోటు ఇచ్చే సుఖం చాలావరకు ఆ బరువు వల్లే. రోడ్డు మీద, రాంపు (బోటుని నీళ్ళలోకి దించే వాలు) దగ్గర పడే తిప్పలు కూడా దాని వల్లే.

ఈ సైజుల్లో మామూలుగా ఉండే అంకెలతో లెక్క వేసి చూద్దాం. 19 అడుగుల బోటు ఉత్త పడవ 1,150 కిలోలు అనుకోండి. 150 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే) ఇంజిను సుమారు 210 కిలోలు. 130 లీటర్ల పెట్రోలు, లీటరుకి 0.74 కిలోల చొప్పున 96 కిలోలు. బ్యాటరీ, లంగరు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె, సంచులు కలిపి 120. ట్రెయిలర్ 400. మొత్తం 1,976 కిలోలు. అదే 22 అడుగులదైతే పడవ 1,650, 250 హార్స్‌పవర్ ఇంజిను 260, 240 లీటర్ల పెట్రోలు 178, సామాను 180, రెండు ఇరుసుల ట్రెయిలర్ 600. మొత్తం 2,868. బ్రోచర్లో కనపడిన తేడా 500 కిలోలు, కారు వెనక లాగాల్సిన తేడా దాదాపు 900. బ్రోచర్లో ఉండే "డ్రై వెయిట్"లో పెట్రోలు ఉండదు, ట్రెయిలర్ ఉండదు. ఔట్‌బోర్డ్ బోట్లకైతే చాలాసార్లు ఇంజిను బరువు కూడా కలపరు. అమ్మేవాళ్ళని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఈ అంకెలో ఇంజిను ఉందా, లేదా?" జవాబు తడబడితే, వే బ్రిడ్జి మీద తూకం వేయించి చూపించమనండి.

బోటుని ప్రతిసారీ లాక్కెళ్ళేవాళ్ళకి ఎంపిక ఇక్కడే సగం అయిపోతుంది. కారు లాగగల బరువు 2,000 కిలోలైతే 22 అడుగుల బోటు గురించి చర్చే అక్కర్లేదు. నిజానికి 19 అడుగులది కూడా ఆ కారుకి అంచుల మీదే ఉంది. కంపెనీ చెప్పిన పరిమితిలో 85 శాతం దగ్గర ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే కార్లో అయిదుగురు మనుషులూ, వాళ్ళ సామానూ ఉంటే కారూ ట్రెయిలరూ కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు ముందే దాటిపోవచ్చు. ఆ అంకె వేరుగా ఉంటుంది. కారు మాన్యువల్లో లాగే బరువు పక్కనే దాన్ని కూడా వెతకండి. ఏటవాలు, తడి, నాచు పట్టిన రాంపు మీద నుంచి బోటుని పైకి లాగేటప్పుడు ముందు చక్రాలతో నడిచే కారు జారిపోతుంది. బరువంతా వెనక్కి పడి ముందు చక్రాలకి పట్టు తగ్గడమే కారణం. 22 అడుగుల బోటుకి నాలుగు చక్రాలూ తిరిగే బండి ఉంటే తప్ప నేను సరే అనను.

కారు కొక్కెం మీద పడే బరువు మొత్తంలో 5 నుంచి 10 శాతం మధ్య ఉండాలి. 7 శాతం దగ్గర పెట్టుకుంటే చిన్నదానికి 138 కిలోలు, పెద్దదానికి 201. బరువు చాలకపోతే వేగం పెరిగే కొద్దీ ట్రెయిలర్ తోక ఊపడం మొదలెడుతుంది. ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు స్టీరింగు తేలిపోతుంది. వించి (బోటుని ట్రెయిలర్ మీదికి లాగే చక్రం) ఉన్న స్తంభాన్ని ముందుకో వెనక్కో జరిపి బోటు కూర్చునే చోటు మార్చితే ఇది సరవుతుంది. కారు కొక్కేనికి కూడా ఒక పరిమితి రాసి ఉంటుంది. లాగే బరువు సరిపోయినా ఈ పరిమితి దాటే కార్లు చాలా ఉన్నాయి.

చక్రాల సంగతి ఎవరూ చెప్పరు. దూరం నడిచొచ్చిన ట్రెయిలర్ హబ్బులు (చక్రం మధ్యలో బేరింగులుండే భాగాలు) వేడిగా ఉంటాయి. దించగానే చల్లటి నీళ్ళలో మునిగితే హబ్బు లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుపోయి సీలు పక్కనుంచి నీళ్ళని లోపలికి పీలుస్తుంది. గ్రీజు పాలలా తెల్లబడుతుంది, బేరింగు తుప్పు పడుతుంది, కొన్నాళ్ళకి రోడ్డు మీద చక్రం పట్టేస్తుంది. రాంపు దగ్గర కనీసం 15, 20 నిమిషాలు ఆగండి. ఈలోగా పట్టీలు విప్పడం, తాళ్ళు కట్టడం, బిల్జ్ ప్లగ్గు (బోటు అడుగున నీళ్ళు వదిలే రంధ్రానికి బిరడా) బిగించడం చేసుకోవచ్చు. అరచేత్తో హబ్బు తాకి చూసి, గోరువెచ్చగా ఉంటేనే దించండి. ఒకే ఇరుసు ట్రెయిలర్‌కి చూసుకోవాల్సిన హబ్బులు 2, రెండిరుసుల దానికి 4. బ్రేకులూ, టైర్లూ అంతే. ఉప్పునీళ్ళలో వాడేవాళ్ళు ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాల్సిన భాగాలు కూడా ఆ లెక్కనే రెట్టింపు.

ఇక నీళ్ళ మీద. అర మీటరు ఎత్తున్న దగ్గరదగ్గర అలలే కుటుంబాలని ఇంటికి తరిమేవి. పెద్ద అలలు వచ్చే రోజున ఎలాగూ ఎవరూ బయల్దేరరు. రెండు అలల మధ్య దూరం బోటు పొడవుకి దగ్గరగా ఉన్నప్పుడు ముక్కు ఒక అల మీంచి దిగి తర్వాతి అలని గుద్దుతుంది. 22 అడుగులది కొన్ని అలల మీద వంతెనలా ఆనుకుని దాటేస్తుంది. మిగతా వాటిని దాని బరువు చీల్చుకుపోతుంది. తేలిక బోటు ఎగిరిపడుతుంది. అడుగు భాగం వీ ఆకారపు కోణం కూడా ముఖ్యమే. బోటు వెనక అంచు దగ్గర అది 18 డిగ్రీలుంటే మధ్యస్థం, 20, 21 ఉంటే లోతైన వీ. లోతైన వీ అలల్ని మెత్తగా కోస్తుంది, కానీ లేవడానికి (వేగం అందుకుని నీటి మీద జారే స్థితికి రావడానికి) ఎక్కువ ఇంజిను బలం అడుగుతుంది, నిలబెట్టినప్పుడు ఎక్కువ ఊగుతుంది. బ్రోచర్ని నమ్మక్కర్లేదు. బోటు ట్రెయిలర్ మీద సమంగా ఉన్నప్పుడు వెనక అడుగుకి ఒక తిన్నటి కర్ర ఆనించి, దాని మీద ఫోన్లో వాలు కొలిచే యాప్ పెడితే డిగ్రీలు వచ్చేస్తాయి. రెండు బోట్లకీ కోణం ఒకటే అయితే ప్రయాణంలో తేడా మొత్తం బరువు, పొడవు వల్లే అని తెలిసిపోతుంది.

చిన్న బోటులో అలలొస్తే నెమ్మదిగా వెళ్తే సరిపోతుంది కదా అంటారు. ఎంత నెమ్మది అన్నదే ఇబ్బంది. ఒక వేగం కన్నా తగ్గితే బోటు నీటి మీద తేలి జారడం మానేసి, ముక్కు పైకెత్తి దున్నుకుంటూ పోతుంది. ముందు ఏముందో కనపడదు, పెట్రోలు తాగేస్తుంది. కాబట్టి గరిష్ఠ వేగం కంటే, తేలి ఉండగలిగే అతి తక్కువ వేగం ఎంతో కనుక్కోండి. ఆ వేగం 12, 13 నాట్లయితే (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) కెరటాల్లో కూడా హాయిగా ఇంటికి చేరొచ్చు. 17 దాకా పోతేగానీ తేలని బోటు సగటు అలల్లో కూడా నడుం విరగ్గొడుతుంది. వెనక అంచుకి ట్రిమ్ ట్యాబులు (పైకీ కిందికీ వంచగలిగే చిన్న పలకలు) బిగిస్తే ఈ వేగం బాగా తగ్గుతుంది. మనుషులు ఒక పక్క ఎక్కువై బోటు ఒరిగితే సరిచేసేది కూడా అవే. చిన్న బోటు కొనేవాళ్ళు సౌండు సిస్టం కోసం పెట్టే డబ్బు వీటి మీద పెడితే వెయ్యి రెట్లు మేలు.

మనుషుల బరువు విషయంలో చిన్న బోటు, పెద్ద బోటు ఒకేలా స్పందించవు. పై లెక్కలోంచి ట్రెయిలర్ తీసేస్తే నీళ్ళలో చిన్నది 1,576 కిలోలు, పెద్దది 2,268. మనిషికి 75 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే 300 కిలోలు. చిన్నదానికి అది 19 శాతం అదనం, పెద్దదానికి 13. పరవాలేదు, రెండూ మోస్తాయి. ఎనిమిది మంది ఎక్కితే చిన్నదానికి 38 శాతం, పెద్దదానికి 26. అప్పుడు చిన్నది వేరే బోటులా ప్రవర్తిస్తుంది. లేవడానికి రెట్టింపు సమయం, వెనక అంచు నీటికి దగ్గర, మలుపులో బద్ధకం. వేగంగా వస్తూ ఒక్కసారి థ్రాటిల్ (వేగం పెంచే మీట) వదిలేస్తే వెనకాలే వచ్చే సొంత అల వెనక నుంచి లోపలికి ఎక్కుతుంది. ముందు సీట్లలో ముగ్గురు పెద్దవాళ్ళని కూర్చోబెట్టి నెమ్మదిగా వెళ్తుంటే ఎదురుగా వచ్చే బోటు అల ముక్కు మీంచి దూకుతుంది. నెమ్మదిగా వెళ్ళడమే సురక్షితం అనుకునే చోట ఇది జరుగుతుంది కాబట్టి ఇంకా ప్రమాదం. అల కనపడగానే ముందున్నవాళ్ళని వెనక్కి రమ్మని, అలకి కొంచెం వాలుగా తిప్పండి.

ఎంతమంది ఎక్కొచ్చో చెప్పే ప్లేటు చదవడం కూడా తెలుసుకోవాలి. యూరప్ నిబంధనల ప్రకారం సీ (C) వర్గం అంటే బ్యూఫోర్ట్ గాలి కొలమానంలో 6వ స్థాయి గాలి, 2 మీటర్ల అలల వరకు తట్టుకునే డిజైను. డీ (D) వర్గమంటే 4వ స్థాయి గాలి, 0.3 మీటర్ల అలలు, అప్పుడప్పుడు 0.5 దాకా. ఒకే బోటుకి "సీలో 7 మంది, డీలో 9 మంది" అని రెండు సంఖ్యలు ఉండొచ్చు. 9 చూసి కొని, 9 మందితో సీ వర్గం నీళ్ళలోకి వెళ్ళడం పెద్ద పొరపాటు. ఇంకో విషయం. ఇది మునగకుండా, బోల్తా పడకుండా ఉండేందుకు ఇచ్చిన హద్దు, సుఖానికి ఇచ్చిన హామీ కాదు. అమెరికాలో మామూలు మోటారు పడవలకి కెపాసిటీ ప్లేటు చట్టప్రకారం తప్పనిసరి అయ్యేది 20 అడుగుల లోపు వాటికే. కాబట్టి అక్కడి 19 అడుగుల బోటు మీద బరువు లెక్క కనపడి, 22 అడుగుల దాని మీద కనపడకపోవచ్చు. కనపడలేదంటే పరిమితి లేదని కాదు. తయారీదారు మాన్యువల్లో చూడాలి. నా వరకు, ప్లేటు మీది సంఖ్యలో మూడింట రెండు వంతుల మందికే బోటు సరిపోతుందనుకుంటాను. 9 అని ఉంటే 6.

ఇంజిను దగ్గర చాలామంది చేసే బేరం ఇలా ఉంటుంది: "22 అడుగులది తీసుకుని, చిన్న ఇంజినుతో సరిపెట్టుకుందాం." ఇది రెండింటిలోనూ ఉన్న చెడుని ఏరి తెచ్చుకోవడమే. బోటు మీద రాసిన గరిష్ఠ హార్స్‌పవర్‌లో 80 శాతం కంటే తక్కువ పెడితే బరువెక్కినప్పుడు లేవదు, ఇంజిను ఎప్పుడూ గొంతు చించుకుంటూనే ఉంటుంది, పెట్రోలు కూడా మిగలదు. డబ్బు సరిపోనప్పుడు పూర్తి ఇంజినుతో ఉన్న 19 అడుగుల బోటే మంచి బోటు.

పెట్రోలు లెక్క తేలికే. పూర్తి థ్రాటిల్ మీద ఇప్పటి ఫోర్ స్ట్రోక్ 150 ఇంజిను గంటకి 50 నుంచి 57 లీటర్లు, 250 అయితే 85 నుంచి 95 తాగుతుంది. హాయిగా నడిచే 23 నాట్ల దగ్గర చిన్నది నాటికల్ మైలుకి సుమారు 1.2 లీటర్లు, పెద్దది 1.7. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, గాలి మారితే ఉండడానికి మూడో వంతు అన్న పాత సూత్రం పాటిస్తే చిన్నదాని 130 లీటర్ల ట్యాంకుతో పోయి రావడం కలిపి 72 నాటికల్ మైళ్ళు, పెద్దదాని 240తో 94. దూరాలు వెళ్ళేవాళ్ళకి ఇది తేడాయే. చెరువు లాంటి జలాశయంలో రోజుకి రెండు మూడు గంటలు తిరిగేవాళ్ళకి కాదు.

ప్రొపెల్లరు సరిపోయిందో లేదో ఖాళీ బోటుతో తెలియదు. కుటుంబమంతా ఎక్కాక, ట్యాంకు నిండుగా పెట్టి, పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. ఇంజినుకి కంపెనీ చెప్పిన పరిధి నిమిషానికి 5,000 నుంచి 6,000 చుట్లు (ఆర్‌పీఎం) అయితే 5,500 పైన తిరగాలి. 4,800 దగ్గరే ఆగిపోతే పిచ్ (ప్రొపెల్లరు ఒక చుట్టు తిరిగితే ముందుకు వెళ్ళాల్సిన దూరం) ఎక్కువైనట్టు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, కాబట్టి 4 అంగుళాలు తక్కువదానితో సరవుతుంది. అలాగే వదిలేస్తే ఇంజిను ఎప్పుడూ భారం ఈడుస్తూ, కార్బను పట్టి, వేడెక్కి త్వరగా పాడవుతుంది. చిన్న బోటులో నలుగురికీ ఎనిమిదిమందికీ తేడా ఎక్కువ కాబట్టి, ఒక్క ప్రొపెల్లరు రెండింటికీ కుదరడం కష్టం. తక్కువ పిచ్‌ది ఒకటి అదనంగా ఉంచుకునేవాళ్ళున్నారు. తెలివైన పనే.

లోపలి అమరిక గురించి అందరూ రాసేదే ఎక్కువ, నేను క్లుప్తంగా చెప్తాను. పిల్లలున్న ఇంట్లో చూడాల్సింది పక్క అంచు ఎత్తు. పెద్దవాళ్ళకి మోకాలి పైకి వస్తే ఊగినప్పుడు ఆనుకోవడానికి ఆసరా దొరుకుతుంది, మోకాలి కిందికి ఉంటే అదే తగిలి నీళ్ళలోకి దొర్లిపోతారు. 22 అడుగులది ఇక్కడ నిస్సందేహంగా మెరుగు. రెండోది టాయిలెట్. ముందు చిన్న క్యాబిన్లో పట్టే పోర్టబుల్ టాయిలెట్ ఉన్న బోటులో కుటుంబం రోజంతా ఉంటుంది, లేని బోటు రెండు గంటల్లో గట్టు చేరుతుంది. ఆ క్యాబిన్లో ఇద్దరు పడుకోవచ్చని రాసిన దాన్ని మాత్రం పట్టించుకోకండి, అది సంచుల గది అవుతుంది. నీళ్ళలో దిగే నిచ్చెన కనీసం మూడు మెట్లు నీటి కింద ఉండాలి, లేకపోతే అలసిన మనిషి పైకి ఎక్కలేడు. వెనక ఎవరైనా ఉన్నప్పుడు ఇంజిను ఆపాల్సిందే. ప్రొపెల్లరు ఒక కారణం, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఇంకో కారణం. దానికి వాసన ఉండదు.

జెట్టీ దగ్గర 19 అడుగుల బోటుని ఒక మనిషి చేత్తో పట్టి ఆపగలడు. 22 అడుగుల దాన్ని గాలి తోసుకుపోతుంటే ఆపాలని చూడకూడదు, కాలు మధ్యలో పెట్టడం అసలే కూడదు, రెండు టన్నుల పైన కదులుతోంది. పెద్దదానికి ఇద్దరు తెలిసిన మనుషులు కావాలి. ఇంట్లో నడిపేది ఒక్కరే, మిగతావాళ్ళు పిల్లలో పెద్దవాళ్ళో అయితే, ఇది చిన్న బోటు వైపు బలమైన కారణం. లంగరు కూడా అంతే. 5 మీటర్ల లోతు, ముక్కు ఎత్తు 1 మీటరు అయితే ఏడింతల లెక్కన 42 మీటర్ల తాడు వదలాలి. దాన్ని, గొలుసునీ, బురద పట్టిన లంగరునీ చేత్తో పైకి లాగేది ఎవరో ముందే అనుకోండి.

పాత బోట్లు చూసేవాళ్ళకి తరచూ ఎదురయ్యేది ఈ చిక్కు: అదే డబ్బుకి కొత్తగా ఉన్న 19 అడుగుల ఔట్‌బోర్డ్, లేదా పదిహేనేళ్ళ 22 అడుగుల స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిను బోటు లోపల, ప్రొపెల్లరు ఉండే కాలు వెనక బయట). రెండోదాంట్లో వెనక నీటి కింద రబ్బరు బెలోస్ (మడతలు మడతలుగా ఉండే గొట్టాలు) ఉంటాయి. అవి పగిలితే నీళ్ళు నేరుగా లోపలికి వస్తాయి, కట్టి ఉంచిన బోటు కట్టినట్టే మునుగుతుంది. మడతల మధ్య వేలితో విప్పి చూడండి, పగుళ్ళు అక్కడే దాక్కుంటాయి. ఉప్పునీళ్ళలో తిరిగినదైతే ఎగ్జాస్టు మానిఫోల్డుల్ని (ఇంజిను పొగ బయటికి పోయే గొట్టాల్ని) తుప్పు లోపల్నుంచి తినేసి ఉండొచ్చు. ఔట్‌బోర్డ్ అయితే ఇంజినుని సగం ఎత్తి, ప్రొపెల్లరు ఉండే కింది కాలుని పట్టి పైకీ కిందికీ ఊపుతూ, రెండో మనిషిని బోటు వెనక గోడ చూడమనండి. గోడ కదిలినా, మూలల్లో పగుళ్ళు విచ్చుకున్నా లోపలి చెక్క కుళ్ళినట్టే. ప్లాస్టిక్ సుత్తితో అంతటా తట్టండి, గట్టి చప్పుడు ఉన్నట్టుండి మొద్దుబారిన చోట ఆగండి. గేరు నూనె కొంచెం వదిలి చూస్తే పాలరంగులో ఉందా లేదా తెలుస్తుంది. ఉంటే సీలు పోయింది. వీటిలో ఏ రెండు కనపడినా ఆ 22 అడుగులు వదిలేయండి.

ఇంతకీ ఏది? నీళ్ళు ప్రశాంతంగా ఉండే నది, జలాశయం, మామూలుగా నలుగురు, ప్రతిసారీ లాక్కెళ్ళడం అయితే 19, గరిష్ఠానికి దగ్గరగా ఉన్న ఇంజినుతో. తీరంలో లేదా గాలి తగిలే పెద్ద సరస్సులో, ఆరుగురు తరచుగా, బోటు నీళ్ళలోనే కట్టి ఉండే ఏర్పాటు ఉంటే 22. కట్టి ఉంచే చోట అద్దె పొడవుని బట్టి ఉంటుంది, కొలిచేది వెనక ఈతకి దిగే పలకతో, ఇంజినుతో కలిపి. అది కూడా ముందే కొలవండి. ఆరుగురు, తీరం, కానీ కారు చిన్నది అన్నవాళ్ళకి నా సలహా, బోటు సైజు తగ్గించకండి, కట్టే చోటు వెతకండి.

ట్రయలుకి గాలి ఉన్న మధ్యాహ్నాన్నే అడగండి, పొద్దున్నే అద్దంలా ఉన్న నీళ్ళ మీద రెండు బోట్లూ ఒకటే. రెండింటినీ ఒకే రోజు, ఒకే మనుషులతో. మనుషులు చాలకపోతే 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు పెట్టండి, డబ్బాకి 20 కిలోలు. అలలకి ఎదురుగా 20 నాట్లు, అలలు పక్కనుంచి, అలలు వెనకనుంచి, మూడూ నడపండి. వెనకనుంచి వచ్చే అలల మీద ముక్కు ముందు అలలోకి గుచ్చుకుంటోందా, బోటు తనంతట తాను పక్కకి తిరుగుతోందా గమనించండి. ఇంజిను ఆపి పది నిమిషాలు ఊగనివ్వండి, అందరూ ఒకే పక్కకి రండి, అంచు ఎంత కిందికి వస్తుందో చూడండి. చివర్న అమ్మేవాళ్ళని పక్కన నిలబెట్టి, బోటుని ట్రెయిలర్ మీదికి ఎక్కించే పని మామూలు రోజుల్లో ఎవరు చేస్తారో వాళ్ళ చేతే చేయించండి, వించి తిప్పడం నుంచి పట్టీలు బిగించడం దాకా.